కర్ణాటక సంగీతం అలవాటైన చెవితో క్లెజ్మర్ వినడం, వాయించడం ఎలా

క్లెజ్‌మాటిక్స్ అనే న్యూయార్క్ బ్యాండు (క్లెజ్మర్ అనే తూర్పు యూరప్ యూదుల పెళ్లి సంగీతం వాయించేవాళ్లు) పాట ఎవరో పంపితే విని, బాగానే ఉంది కానీ ఇది జాజా, అరబిక్కా, రాకా, సర్కస్ మ్యూజిక్కా అని తేల్చుకోలేక వదిలేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సరళీ స్వరాల దాకా వెళ్లి ఆపేసినవాళ్లయినా పర్లేదు, నిజానికి వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఈ సంగీతంలోకి దారి మన మేళకర్తల పట్టికలో 14వ నంబరు దగ్గర తెరిచే ఉంది. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఫ్యూజన్ అంటే రెండు మూడు రకాల వాద్యాలు స్టేజీ మీద పెట్టి, ఎవరి మానాన వాళ్లు వాయించేసి చివర్లో అందరూ కలిసి ఒక తీర్మానం (మృదంగం ముగింపు దరువు) కొట్టడం అనే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. క్లెజ్‌మాటిక్స్ అలా కాదు. వాళ్లు అంత ధైర్యంగా కలపగలిగారంటే పాతదాన్ని పిచ్చి పట్టినట్టు చదువుకున్నారు కాబట్టే. గాయకుడు లోరిన్ స్క్లాంబర్గ్ న్యూయార్క్‌లోని యీవో అనే యూదు పరిశోధనా సంస్థలో పాత రికార్డింగుల భాండాగారం చూసుకునేవాడు. ట్రంపెట్ వాయించే ఫ్రాంక్ లండన్ అంతకుముందు బోస్టన్‌లో, 1980లో మొదలైన క్లెజ్మర్ కన్సర్వేటరీ బ్యాండులో వాయించినవాడు. అందుకని వినేటప్పుడు కూడా కొత్త పాట పక్కన పాత రికార్డు ఒకటి పెట్టుకుని వినండి. ఏది ఉంచారు, ఏది మార్చారు అన్నది అప్పుడే తెలుస్తుంది.

కాస్త వెనక కథ

క్లెజ్మర్ అంటే తూర్పు యూరప్‌లో, అంటే ఇప్పటి ఉక్రెయిన్, పోలండ్, రొమేనియా, మోల్డోవా, బెలారస్ ప్రాంతాల్లో ఉండి యిడ్డిష్ మాట్లాడే యూదుల పెళ్లి సంగీతం. మన సన్నాయి మేళం వాళ్లలాగే తరతరాలుగా ఇదే పని చేసే కుటుంబాలు ఉండేవి, పెళ్లిలో ప్రతి ఘట్టానికీ ఒక బాణీ ఉండేది. వచ్చే చుట్టాలకు స్వాగతం చెప్పడానికి ఒకటి, రాత్రి వాళ్లను ఇళ్లకు సాగనంపడానికి ఇంకొకటి. వాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది పెళ్లికూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టే ఘట్టం. చుట్టూ ఆడవాళ్లు, ఎదురుగా బద్ఖన్ అనే ఆయన, ఆశువుగా ప్రాసలు అల్లుతూ ఇకపై నీ చిన్నతనం అయిపోయిందమ్మా అన్నట్టు ఆ పిల్లను ఏడిపించేస్తాడు, ఒక్కో చరణం అవ్వగానే ఫిడేలు అందుకుని ఆ ఏడుపును ఇంకాస్త సాగదీస్తుంది. తర్వాత అదే మనిషి అందర్నీ నవ్విస్తాడు, అదే ఫిడేలు డాన్సు బాణీ ఎత్తుకుంటుంది.

యూదుల సంగీతమంతా క్లెజ్మర్ కాదు, ఇది గుర్తుపెట్టుకోవాలి. కొచ్చిన్ యూదుల పాటలు వేరు, బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్లవి వేరు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం వాళ్లు ఉన్నారు, వాళ్లకూ క్లెజ్మర్‌కూ సంబంధం లేదు.

1880ల నుంచి లక్షల మంది యూదులు అమెరికాకు వలస వెళ్లారు, వాళ్లతో వాయిద్యగాళ్లూ వెళ్లారు. 1924లో అమెరికా వలసల చట్టం ఆ తలుపు దాదాపు మూసేసింది. ఈ మధ్యలోనే న్యూయార్క్‌లో 78 ఆర్‌పీఎం రికార్డుల మీద ఈ సంగీతం బోలెడంత ఎక్కింది, ముఖ్యంగా ఇద్దరు క్లారినెట్ విద్వాంసులది: నఫ్తులే బ్రాండ్‌వైన్, డేవ్ టారస్. బ్రాండ్‌వైన్ గురించి కథలు చాలా చెప్తారు, తన వేళ్ల కదలిక పోటీదారులు చూడకుండా జనానికి వీపు తిప్పి వాయించేవాడట. ఆ తర్వాత పిల్లలు అమెరికన్ పాటల్లో పడ్డారు, అటు యూరప్‌లో నాజీలు ఆ ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టారు. 1970ల్లో కొంతమంది కుర్రవాళ్లు తాతల రికార్డులు దుమ్ము దులిపి మళ్లీ నేర్చుకోవడం మొదలుపెట్టారు, 1975లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైన ది క్లెజ్‌మోరిమ్ వాళ్లలో మొదటివాళ్లు. క్లెజ్‌మాటిక్స్ 1986లో న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో మొదలైంది. చరిత్ర ఇంతవరకు చాలు.

పాత రికార్డు ఎలా వినాలి

ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ వాళ్ల రికార్డెడ్ సౌండ్ ఆర్కైవ్స్‌లో పాత యూదు రికార్డులు ఆన్‌లైన్‌లో వినొచ్చు, యూట్యూబ్‌లోనూ బ్రాండ్‌వైన్ పేరు కొడితే చాలా దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క బాణీ మాత్రమే తీసుకోండి. ప్లేలిస్టు మొత్తం వినేస్తే అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది, విసుగొస్తుంది. ఆ గరగర శబ్దానికి చెవి అలవాటు పడేదాకా ఓపిక పట్టండి.

రెండు విషయాలు తెలిసి వినాలి. ఆ రికార్డు ఒక పక్క మూడు నిమిషాల చిల్లరే పట్టేది, పెళ్లిలో జనం అలసిపోయేదాకా సాగే డాన్సు బాణీని అక్కడ కుదించి వాయించారు. కాబట్టి రికార్డులో ఉన్న కొలతే అసలు కొలత అనుకోవద్దు. అలాగే మైక్రోఫోన్ రాకముందు, అంటే 1920ల మధ్య దాకా, పెద్ద డ్రమ్ము దెబ్బను ఆ యంత్రాలు సరిగ్గా పట్టుకోలేకపోయేవి. పాత రికార్డులో తాళం సన్నగా వినిపిస్తోందంటే పెళ్లి పందిట్లో కూడా అలాగే ఉండేదని కాదు. ఇది తెలిస్తే, క్లెజ్‌మాటిక్స్ డ్రమ్ సెట్ పెట్టి దంచుతుంటే సంప్రదాయాన్ని పాడుచేశారని అనాలనిపించదు.

తాళం నోటితో పట్టుకోండి

ఇది అన్నిటికంటే సులువు. బుల్గర్ అనే డాన్సు బాణీ పెట్టండి. ఎనిమిది అక్షరాలు, వాటిని మూడు, మూడు, రెండుగా విరుస్తారు: తకిట తకిట తక. మీరు కొన్నక్కోల్ (నోటితో పలికే మృదంగం జతులు) విన్నవాళ్లయితే వేరే చెప్పక్కర్లేదు. ఒక చేత్తో మామూలు నాలుగు దెబ్బలు వేస్తూ నోటితో తకిట తకిట తక అంటుంటే, పాట ముందుకు ఎందుకు తోసుకుపోతోందో ఒంటికే తెలుస్తుంది. ఫ్రెయ్‌లెఖ్స్ అనే వలయపు డాన్సులోనూ ఈ విరుపు తగులుతుంది, కానీ అక్కడ నడక కాస్త నిండుగా ఉంటుంది, పరుగు తక్కువ.

తర్వాత ఝోక్. దీన్నే నెమ్మది హోరా అని కూడా అంటారు. మూడు అక్షరాల లెక్క, మధ్యది మింగేస్తారు. తకిట అనుకుంటూ "కి" దగ్గర నోరు మూసుకోండి: త, ఖాళీ, ట. కుంటి నడకలాంటి ఆ ఖాళీని చప్పట్లతో నింపాలని చెయ్యి తహతహలాడుతుంది, నింపొద్దు. ఆ ఖాళీలోనే ఫిడేలు వాళ్లు చిన్న చిన్న పనులు చేస్తారు.

ఇక దోయినా. ఇది రొమేనియా వైపు నుంచి వచ్చింది, తాళం లేదు, ఒకే వాద్యం స్వేచ్ఛగా పాడుతుంటే మిగతావాళ్లు ఒక స్వరసంపుటాన్ని (కార్డ్, chord) అలా పట్టుకుని కూర్చుంటారు, అతను స్థానం మారినప్పుడు వాళ్లూ మారతారు. ఆలాపన విన్న చెవికి ఇది ఇల్లే. ఆలాపన తర్వాత కీర్తన వచ్చినట్టు దోయినా తర్వాత చాలాసార్లు ఒక ఝోక్, ఆ వెనకాలే ఒక వేగం బాణీ వస్తాయి. మూడూ కలిపి వినండి, దోయినా ఒక్కటే కత్తిరించి వింటే సగమే తెలుస్తుంది.

రాగం దగ్గర కాస్త కూర్చుందాం

ఇప్పుడు ఆ 14వ నంబరు. మాయామాళవగౌళ అందరికీ వచ్చు కదా, అందులో కాకలి నిషాదం తీసేసి కైశికి నిషాదం పెట్టండి. వకుళాభరణం. క్లెజ్మర్ వాళ్లు ఎక్కువగా వాడే ఫ్రెయ్‌గిష్ స్వరాలు సరిగ్గా ఇవే. దీనికి అహవా రబ్బా అని ఇంకో పేరు, అది ఒక ప్రార్థనలోని మాట, ఈ రాగాలు చాలావరకు ప్రార్థనల నుంచే పేర్లు తెచ్చుకున్నాయి. కీబోర్డు మీద సి శ్రుతిలో అయితే సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్. పది నిమిషాలు తంబూర యాప్ పెట్టుకుని మెల్లగా పైకీ కిందికీ పాడండి, తర్వాత ఏదైనా క్లెజ్మర్ రికార్డు పెట్టండి, గుర్తుపట్టేస్తారు.

అయితే స్వరాలు ఒకటే అయినంత మాత్రాన రాగం ఒకటి కాదు, ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్రెయ్‌గిష్‌లో మంద్ర స్థాయి నుంచి షడ్జానికి ఎక్కేటప్పుడు చాలాసార్లు శుద్ధ ధైవతం వదిలేసి చతుశ్రుతి ధైవతం పట్టుకుంటారు, పైస్థాయిలో మాత్రం శుద్ధ ధైవతమే. వకుళాభరణంలో అలా చేస్తే గురువుగారు చెవి మెలిపెడతారు, ఇక్కడ అదే అందం. ఇంకో మాట, కీబోర్డు, గిటార్ వాయించేవాళ్లకు. మనకు పాట ముగించేటప్పుడు జి సెవెన్ కొట్టి సి మేజర్‌కు రావడం చేతికి అలవాటైపోయింది. ఇక్కడ అది పెట్టారో పని చెడింది, ఎందుకంటే జి సెవెన్‌లో కాకలి నిషాదం, చతుశ్రుతి రిషభం రెండూ వచ్చి పడతాయి, రాగం ప్రాణం పోతుంది. బదులుగా బి ఫ్లాట్ మైనర్ కొట్టి సి మేజర్‌కు రండి. మధ్యలో ఎఫ్ మైనర్. ఈ మూడు కార్డులతో చాలా బాణీలకు పక్కవాద్యం నడిచిపోతుంది. సినిమాల్లో యూదు పాట అని చూపించడానికి చేసే నకిలీ బాణీలను సులువుగా పట్టించేది కూడా ఈ జి సెవెనే.

రెండో రాగం మి షెబెరఖ్, దోయినాల్లో బాగా వినిపిస్తుంది. దాని స్వరాలు మన హేమవతివి, 58వ మేళకర్త. ఆ ప్రతిమధ్యమం పంచమం మీద వాలిపోతూ ఉంటుంది, దాన్ని విడిగా నిలబెట్టకుండా పంచమం వైపు ఒరిగించి పాడి చూడండి.

క్రెఖ్ట్స్: గమకం చెయ్యొద్దు

మనవాళ్లు క్లెజ్మర్ వాయిస్తే ఎక్కడ దొరికిపోతారంటే ఇక్కడే. చెయ్యి ఊరుకోదు, గాంధారం కనబడగానే ఊపేస్తాం. గమకంలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నాదం తెగకుండా జారుతుంది. క్రెఖ్ట్స్‌లో నాదాన్ని కావాలనే విరుస్తారు, ఏడుపు ఆపుకుంటున్నప్పుడు గొంతులో పడే విరుపు ఉంటుంది చూడండి, అది.

ఫిడేలు మీద ఇలా ప్రయత్నించండి. ఒక స్వరాన్ని మామూలుగా, ఊపకుండా పట్టండి. అది అయిపోయే చివరి క్షణంలో చిటికెన వేలితో పై స్వరాన్ని అలా తాకండి, నొక్కొద్దు, తాకడమే, సరిగ్గా అదే క్షణంలో కమాను ఆపేయండి. సన్నగా కిచుక్కుమన్నట్టు ఒక శబ్దం వచ్చి నాదం తెగిపోవాలి. వేలు నిండుగా పడితే అది మామూలు అనుస్వరం అయిపోతుంది, కమాను ఆగకపోతే పక్షి కూతలా ఉంటుంది, రెండూ ఒకేసారి కుదిరేదాకా ఒకే స్వరం మీద కూర్చోవాలి. మనం నేల మీద కూర్చుని స్క్రోలు (ఫిడేలు తల) కాలి మీద ఆనించి పట్టుకుంటాం కాబట్టి ఎడమ చెయ్యి స్వేచ్ఛగా ఉంటుంది, అది ఇక్కడా పనికొస్తుంది, పద్ధతి మార్చుకోనక్కర్లేదు. క్లారినెట్ వాళ్లు ఈ విరుపు గొంతుతో చేస్తారు. పాడేవాళ్లు ముందు గొంతుతో చెయ్యండి, వాద్యం తర్వాత.

ఇది ప్రతి స్వరానికీ పెట్టకండి. పాత రికార్డులో ఒక చరణం విని, ఎక్కడెక్కడ పెట్టాడో కాగితం మీద గుర్తు పెట్టుకుంటే ఆశ్చర్యపోతారు, అనుకున్నదానికంటే చాలా తక్కువ ఉంటాయి. రెండోసారి అదే చరణం వచ్చినప్పుడు చోటు మార్చేస్తాడు కూడా.

ఇప్పుడు క్లెజ్‌మాటిక్స్ పెట్టండి

మొదట "రిథం ప్లస్ జ్యూస్" (Rhythm + Jews) ఆల్బం. అందులో "ఫున్ తష్లిఖ్" అనే బాణీ ఉంది, అది బ్రాండ్‌వైన్ 1920ల్లో రికార్డు చేసినది. పాతది ముందు, కొత్తది వెంటనే తర్వాత వినండి. వరసను వాళ్లు అలాగే ఉంచారు, ప్రధానంగా మార్చింది కింద నడిచే లయ. దాన్ని మధ్యప్రాచ్యం వైపు లాగారు. ఒక్క పొర మాత్రమే కదిపి మిగతావి అలాగే ఉంచితే ఎంత దూరం వెళ్లొచ్చో ఈ ఒక్క జత వింటే చాలు, నా దృష్టిలో వాళ్ల పని మొత్తంలో దీన్ని మించిన పాఠం లేదు.

తర్వాత సాహిత్యం వైపు. 1980ల చివర్లో వచ్చిన తొలి ఆల్బం పేరు "ష్వైగ్న్ టోయ్ట్", మౌనమే మరణం అని. అది అప్పట్లో న్యూయార్క్‌లో ఎయిడ్స్ ఉద్యమకారుల నినాదం, దాన్ని యిడ్డిష్‌లోకి తెచ్చారు. ఈ బ్యాండుకు రాజకీయాలు మొదటి నుంచీ ఉన్నాయి, కార్మికుల పాటలు, స్వలింగ సంపర్కుల హక్కులు, శాంతి. తాతల కాలం నాటి యిడ్డిష్ పాటల్లో కూడా సమ్మెలు, సోషలిజం బోలెడు ఉన్నాయి కాబట్టి ఇది బయట నుంచి తెచ్చి అతికించింది కాదు.

భాష అడ్డమనిపిస్తే "వండర్ వీల్" పెట్టండి, 2006లో వచ్చింది, పాటలు ఇంగ్లీషులో ఉంటాయి. అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ రాసి బాణీ కట్టకుండా వదిలేసిన సాహిత్యానికి వీళ్లు వరసలు కట్టారు. గత్రీకి, యూదులకు ఏంటి సంబంధం అంటే, ఆయన రెండో భార్య యూదు కుటుంబం అమ్మాయి, అత్తగారు అలీజా గ్రీన్‌బ్లాట్ యిడ్డిష్ కవయిత్రి, 1940ల్లో ఆయన కోనీ ఐలాండ్‌లో మర్మెయిడ్ అవెన్యూలో యూదుల మధ్యే కాపురం ఉన్నాడు. దీనికి 2007లో గ్రామీ వచ్చింది, సమకాలీన ప్రపంచ సంగీతం విభాగంలో. నిజం చెప్పాలంటే వినడానికి అన్నిటికంటే హాయిగా ఉండేది ఇదే, కానీ క్లెజ్మర్ నేర్చుకోవాలంటే ఇది తక్కువ పనికొస్తుంది, చాలాచోట్ల జానపదం పైచేయి. గాస్పెల్ (అమెరికా నల్లజాతివాళ్ల చర్చి సంగీతం) ఇష్టమైతే నల్లజాతి యూదు గాయకుడు జాషువా నెల్సన్‌తో వీళ్లు చేసిన ఆల్బం వినండి, అక్కడ చర్చి పియానో, ట్రంపెట్ ఒకే పాటలో తోసుకుంటూ నడుస్తాయి.

మనకు దగ్గరగా ఉండేది ఇంకోటి ఉంది. ఫ్రాంక్ లండన్ విడిగా తబలా, ధోల్ వాయించే దీప్ సింగ్‌తో కలిసి షరాబీ అని భాంగ్రాను యిడ్డిష్ పెళ్లి బాణీలతో కలిపిన బ్యాండు నడిపాడు. రెండూ పెళ్లిలో గెంతే సంగీతాలే, అందుకే బలవంతంగా అతికించినట్టు అనిపించదు.

మీరే కలపాలనుకుంటే

కాలేజీ బ్యాండు ఉంది, మృదంగం ఉంది, క్లెజ్మర్ బాణీ ఒకటి పెట్టాలనుంది అనుకుందాం. ముందు ఒకే ఒక్క బాణీ, చెవితో నేర్చుకోండి. స్వరాలు రాసుకోవాలనిపిస్తే క్లెజ్మర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఉక్రెయిన్‌లో దొరికిన చేతిరాత ప్రతులను అందరికీ ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు, కీసెల్‌గోఫ్, మకొనొవెట్స్కీ పేర్లతో వెతకండి. కాగితం మీద విరుపులు ఉండవు కాబట్టి రికార్డు లేకుండా కాగితం ఒక్కటే పట్టుకోవద్దు.

అందరూ ఒకే వరస వాయించండి, ఎవరి అలంకారాలు వాళ్లవి. పాత బృందాలు అలాగే వాయించేవి, మనకూ అలవాటే. ఒకళ్లు మాత్రం వరస వదిలేసి, దెబ్బకూ దెబ్బకూ మధ్య స్వరసంపుటం కొడుతూ ఉండాలి, ఆ రెండో ఫిడేలు పని ఎవరికీ ఇష్టం ఉండదు కానీ అది లేకపోతే డాన్సు లేవదు. మృదంగం మూడు మూడు రెండు పట్టుకుని బాణీ రెండుసార్లు తిరిగేదాకా ఏ అలంకారమూ వెయ్యకూడదు, కావాలంటే ముందే గట్టిగా ఒప్పందం చేసుకోండి. ఆ తర్వాత ఒక పొర మార్చండి, లయో, శ్రుతో, వాద్యమో, ఒక్కటి. అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసింది, ఏది చెడగొట్టింది తెలియదు. ముగింపు వాళ్లదే ఉంచండి: చకచకా పైకి ఎక్కే పరుగు, ఆపైన మూడు దెబ్బలు, స, ప, స. మన తీర్మానం కొట్టాలని మృదంగం వాయించేవాడికి ఎంత ఉన్నా ఆగమనండి, ఆ మూడు దెబ్బలకే జనం లేస్తారు.

ఇక్కడి నుంచి ఎటు వెళ్లాలన్నది మీ రుచి. ఇంకా పాతకాలపు శబ్దం కావాలంటే బుడోవిట్జ్, వెరెట్స్కీ పాస్ అనే బృందాలు. క్లారినెట్ పిచ్చి పట్టిందంటే ఒకప్పుడు క్లెజ్‌మాటిక్స్‌లోనే వాయించిన డేవిడ్ క్రకావర్, ఆయన ఫంక్ ట్రాంబోన్ వాయించే ఫ్రెడ్ వెస్లీతో, సోకాల్డ్ అనే హిప్‌హాప్ కళాకారుడితో కలిసి అబ్రహాం ఇంక్ అని బ్యాండు పెట్టాడు. మాటలు పదునుగా ఉండాలంటే బెర్లిన్‌లో బ్యాండు పెట్టిన డేనియల్ కాన్. పోలండ్‌లోని క్రాకోవ్ నుంచి క్రోకే ఉంది, ముగ్గురే మనుషులు, నెమ్మదిగా, చీకటిగా వాయిస్తారు, దాన్ని మాత్రం కారులో కాకుండా కూర్చుని వినండి.